ఓడ దిగి, నీళ్ళలో తల ముంచి...

నేను ఐటీ వాణ్ణి అనగానే కంప్యూటర్ల గురించి చెబుతాడేమోనని మీరు స్టేషన్ మార్చేయకండి. ఈ రోజు చెప్పబోయేది చేపల గురించి, పగడాల గురించి, ఈత గురించి. ఇంకా చెప్పాలంటే మనవాళ్ళకి నీళ్ళంటే ఉండే భయం గురించి.

ఇంట్లో కాలేజీ పిల్లలున్నవాళ్ళకి ఫిబ్రవరి వచ్చిందంటే ఒక ప్రశ్న తప్పదు. "నాన్నా, స్ప్రింగ్ బ్రేక్‌కి ఫ్రెండ్స్‌తో క్రూజ్‌కి వెళ్ళనా?" అని. ఇండియా నుంచి చదువుకోడానికి వచ్చిన మేనల్లుళ్ళూ, తమ్ముళ్ళూ అయితే అడగరు కూడా. వెళ్ళొచ్చాక ఫొటోలు చూసి మనమే తెలుసుకోవాలి. వెళ్ళమనాలా, వద్దనాలా? నన్నడిగితే వెళ్ళమనే అంటాను. కానీ ఏం తెలుసుకుని వెళ్ళాలో కూడా చెప్పి పంపమంటాను. ఆ "ఏం తెలుసుకోవాలి" అన్నదే ఈనాటి నా కబురు.

నేను టెక్సాస్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో, 2014 మార్చిలో, మేం అయిదుగురం కలిసి గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోలోని కోజుమెల్ ద్వీపానికి ఓడలో వెళ్ళాం. విమానం టికెట్టు అక్కర్లేదు, భోజనం ఓడలోనే, నలుగురు పంచుకుంటే గది చవక. స్టూడెంట్లకి ఇంకేం కావాలి! నేను కాక గోదావరి జిల్లా అబ్బాయి ఒకడు, వరంగల్ అబ్బాయి ఒకడు, గుంటూరు అమ్మాయి, హైదరాబాదు అమ్మాయి. మాలో ఈత వచ్చింది వరంగల్ అబ్బాయికొక్కడికే. వ్యవసాయ బావిలో నడుముకి బెండు కట్టుకుని నేర్చుకున్నాడట. కోనసీమలో పుట్టి, ఇంటి ముందే కాలవ పెట్టుకుని కూడా గోదావరి అబ్బాయికి ఈత రాదు. దాని గురించి వాణ్ణి మేం దారిపొడుగునా ఏడిపించాం. కారణమేమిటో అప్పటికి మాకెవరికీ తెలీదు.

ముందు కాగితాల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ప్రయాణం అక్కడే ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. అమెరికా పౌరులైన పిల్లలు అదే రేవుకి తిరిగొచ్చే క్రూజులకి జనన ధ్రువపత్రంతో వెళ్ళగలరు. మన భారతీయ విద్యార్థులకి ఆ సౌకర్యం లేదు. పాస్‌పోర్టు ఉండాలి, వీసా ఉండాలి, ఐ-20 కాగితం మీద కాలేజీ అధికారి ప్రయాణ సంతకం ఉండాలి. ఆ సంతకం చేసి ఏడాది దాటకూడదు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్ళకి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. అయినా బయల్దేరే ముందు కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఒకసారి అడిగి వెళ్ళడం మంచిది. సముద్రం మధ్యలో ఉండగా గుర్తొస్తే చేసేదేమీ లేదు కదా!

సోమవారం సాయంత్రం బయల్దేరాం. మంగళవారమంతా నీళ్ళే. గాల్వెస్టన్‌లో సముద్రం మన కాకినాడ సముద్రంలాగే మట్టిరంగులో ఉంటుంది. నదులు తెచ్చిన ఒండ్రు దానికి కారణం. ఓడ దక్షిణానికి పోయేకొద్దీ ఆకుపచ్చగా మారి, తరవాత సిరా నీలం అయ్యింది. బుధవారం పొద్దున్న డెక్కు మీదకొచ్చి చూస్తే ఓడ పక్కన నీళ్ళలోంచి అడుగున ఇసుక కనిపిస్తోంది! గుంటూరు అమ్మాయి "ఇది సముద్రమా, మినరల్ వాటరా?" అంది.

దానికి కారణం తరవాత చదివి తెలుసుకున్నాను. యూకతాన్ ద్వీపకల్పమంతా సున్నపురాయి. వాన నీళ్ళు నేలలోకి ఇంకిపోయి భూమి కిందినే పారతాయి తప్ప, పైన చెప్పుకోదగ్గ నదులు లేవు. నది లేకపోతే ఒండ్రు లేదు, ఒండ్రు లేకపోతే నీళ్ళు తేటగా ఉంటాయి, తేటనీళ్ళయితే ఎండ లోపలిదాకా దిగుతుంది, ఎండ దిగితే పగడాలు పెరుగుతాయి. మన గోదావరీ కృష్ణా వరికి ఒండ్రు పెట్టి మనకి అన్నం పెట్టాయి. అందుకే మన కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. ఇండియాలో అవి చూడాలంటే మన్నారు సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో, లక్షద్వీపాలకో, అండమాన్‌కో వెళ్ళాలి. కోజుమెల్ దగ్గర ఉన్నవి దాదాపు వెయ్యి కిలోమీటర్ల పొడవున హోండురాస్ దాకా సాగే పగడపు దిబ్బల వరసలో భాగం. ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ తరవాత ప్రపంచంలో అంత పెద్దది ఇదే. కోజుమెల్ దిబ్బలని 1996లో జాతీయ పార్కుగా ప్రకటించారు.

ఓడ దిగగానే మొదటి పాఠం గడియారం. టెక్సాస్‌లో అప్పటికే గడియారాలు ఒక గంట ముందుకి జరిపారు. మెక్సికోలో ఆ ఏడాది ఏప్రిల్లో కానీ జరపలేదు. మా ఓడ గాల్వెస్టన్ టైమే పాటించింది. అంటే రేవులో గడియారం చూసి "ఇంకా గంట ఉంది" అనుకున్నవాడికి ఓడ వెళ్ళిపోయి ఉంటుంది! ఇప్పుడు లెక్క మారింది. 2015 నుంచి ఆ రాష్ట్రం తన టైము మార్చుకుంది, వేసవిలో టెక్సాస్‌తో సమానం, చలికాలంలో ఒక గంట ముందు. ఏ ఏడాది వెళ్ళినా సూత్రం ఒకటే. ఓడ టైముకి పెట్టిన చేతి గడియారం ఒకటి ఉండాలి. సెల్‌ఫోన్‌ని నమ్ముకోకూడదు, అది ఏ టవర్ కనబడితే ఆ టవర్ టైము చెబుతుంది.

రేవు దగ్గర కాఫీ కొట్టులో వైఫై దొరికింది. గోదావరి అబ్బాయి మమ్మల్ని ఆగమని చెప్పి, అమ్మకి ఫోన్ చెయ్యాలన్నాడు. మాకు పొద్దున్న తొమ్మిది, ఇండియాలో రాత్రి ఏడున్నర. "నీళ్ళలో దిగుతున్నాను, చెప్పకుండా దిగలేను" అన్నాడు. అప్పుడు తెలిసింది మాకు అసలు సంగతి. వాళ్ళమ్మగారి అన్నయ్య చిన్నతనంలో కాలవలో పోయాడట. ఆ రోజు నుంచి ఆవిడ కాలవగట్టు ఎక్కలేదు, కొడుకుని ఎక్కనివ్వలేదు. మేం ఎవ్వరం ఇంక మాట్లాడలేదు. అప్పటిదాకా వేసిన జోకులన్నీ గొంతులో అడ్డంపడ్డాయి.

ఫోన్లో ఆవిడ వద్దనలేదు. కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "మీలో ఈత వచ్చినవాళ్ళెవరున్నార్రా? ఫోను అతనికియ్యి" అన్నారు. వరంగల్ అబ్బాయి ఫోను తీసుకుని, "నమస్తే అమ్మా, ఏం పరేషాన్ గాకుండ్రి. నేనున్న గదా, నాకు ఈత మంచిగ వస్తది" అన్నాడు. స్పీకర్లో మా అందరికీ వినపడింది ఆవిడ జవాబు. "బాబూ, మా అన్నయ్యకీ ఈత బాగా వచ్చు."

అంతే. ఇంకో ముక్క అనలేదు. "జాగ్రత్తగా వెళ్ళి రండి, బయటికొచ్చాక ఫోను చెయ్యండి, ఎంత రాత్రయినా సరే" అని పెట్టేశారు.

ద్వీపానికి పడమటి వైపు, అంటే మెక్సికో నేలకి ఎదురుగా ఉన్న వైపు, నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. తూర్పు వైపు బయటి సముద్రం, అలలు బలమైనవి. కొత్తవాళ్ళు దిగాల్సింది పడమటి వైపే. టౌనుకి దక్షిణాన తీరం నుంచే నిచ్చెన మెట్ల మీదుగా దిగేచోటు ఒకటి ఉంటే, అక్కడ గైడుని మాట్లాడుకున్నాం. నలభై ఏళ్ళవాడు. ఇంట్లో మాయ భాష, బజారులో స్పానిష్, మాతో ఇంగ్లీషు. మనం తెలుగిళ్ళలో చేసే పనే కదా అనిపించి చప్పున దగ్గరివాడైపోయాడు.

అందరికీ లైఫ్ వెస్టులు ఇచ్చాడు. రేవుకి రాకముందు, ఓడ మీద ఉన్నప్పుడు, మా వరంగల్ అబ్బాయి "నాకెందుకు అవి, నేను బాయిల నేర్సుకున్నోణ్ణి" అని గొప్పలు పోయాడు. ఇప్పుడు మాత్రం చెయ్యి చాపి తీసుకుని, బకిల్ పెట్టుకుని, పట్టీ బిగించి, నోరెత్తకుండా నిలబడ్డాడు. ఆవిడ మాట పని చేసింది. ఆలోచిస్తే సంగతి ఉంది అందులో. బావిలో నీళ్ళు కదలవు. ఎటు తిరిగినా గోడ నాలుగు బారల దూరంలో ఉంటుంది. సముద్రంలో నువ్వు కదలకపోయినా నీళ్ళు నిన్ను కదిలిస్తాయి, గోడ ఉండదు. అయినా లైఫ్ వెస్టంటే ఏమిటండీ, మన ఊళ్ళల్లో నడుముకి కట్టే ఎండు సొరకాయ బుర్రే కదా! ఇది నీళ్ళలో మనల్ని తేల్చడానికి నారింజరంగు వేసుకుని వచ్చింది, అంతే తేడా.

ఇంక మాస్కు. పట్టీ తగిలించుకోకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చాలి. చెయ్యి వదిలేసినా అంటుకుని ఉంటే అది మీ మొహానికి సరిపోయినట్టు. జారిపోతే ఇంకొకటి అడగాలి, మొహమాటపడకూడదు. అంచు కింద వెంట్రుక ఉన్నా నీళ్ళు కారతాయి. గోదావరి అబ్బాయికి మంచి గుబురు మీసం. గైడు నవ్వి, మీసం మీద కొంచెం వాజలీన్ రాసి పెట్టాడు. తరవాత అద్దం మసకబారకుండా ఉండాలంటే లోపల ఉమ్మి, వేలితో రుద్ది, సముద్రపు నీళ్ళతో కడగాలన్నాడు. మా అమ్మాయిలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నప్పటి నుంచి ఎంగిలి, అంటు అని పెంచిన ప్రాణాలాయె! కానీ ఆ చిట్కా నిజంగా పని చేస్తుంది.

గొట్టం గురించి ఒక మాట. "ఇంత పొట్టిగా ఉందేం, పొడుగుదైతే ఇంకా కిందికి వెళ్ళొచ్చు కదా" అని హైదరాబాదు అమ్మాయి అడిగింది. ఇంజనీరింగ్ చదివినవాళ్ళం కనక లెక్క వేసుకున్నాం. పది మీటర్ల నీళ్ళు మన మీద ఒక వాతావరణమంత ఒత్తిడి పెడతాయి. మీటరు లోతుకే అందులో పదో వంతు. ఛాతీ కండరాలు ఆ బరువుని తోసుకుంటూ పైనుంచి గాలి లాగడం కష్టం. పైగా గొట్టం పొడుగైతే మనం వదిలిన చెడ్డ గాలే అందులో మిగిలి మళ్ళీ మనకే వస్తుంది. కాబట్టి గొట్టం పొట్టిగా ఉండటం పిసినారితనం కాదు. పిల్లలకి పెద్దవాళ్ళ గొట్టం ఇవ్వకూడదన్నదీ అందుకే.

నిచ్చెన దిగాం. వెస్టు మమ్మల్ని బెండులా తేల్చింది. ఇక మొహం నీళ్ళలో పెట్టాలి. చెప్పడానికి తేలికే. మొహం నీళ్ళలో ఉండగా ఊపిరి పీల్చమంటే ఒళ్ళు ఒప్పుకోదు. పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నదానికి అది విరుద్ధం. ముక్కు మూసుకుపోయి ఉంటుంది, నోటితోనే పీల్చాలి, మన ఊపిరి చప్పుడు మనకే పెద్దగా వినపడుతూ ఉంటుంది. గైడు చెప్పింది ఒక్కటే, "ఊపిరి నెమ్మదిగా వదలండి. పీల్చడం దానంతట అదే వస్తుంది." మా అమ్మమ్మ ప్రాణాయామం చేసేటప్పుడు చెప్పే మాట ఇదే. నాలుగైదు సార్లయ్యేసరికి భుజాలు సడలాయి. అప్పుడు కళ్ళు తెరిచి చూశాను.

ఏమని చెప్పను! ఊదారంగు విసనకర్రలు, అచ్చం మన తాటాకు విసనకర్రల్లాంటివి, ఎవరో విసురుతున్నట్టు ఇటూ అటూ ఊగుతున్నాయి. అవి చెట్లు కావు, జీవులే. మనిషి మెదడులా మడతలు పడ్డ గుండ్రాళ్ళు. అవీ జీవులే. పసుపు మీద నల్ల చారల చేపలు నా మాస్కు దాకా వచ్చి, లోపలున్నదెవరా అని చూసి పోతున్నాయి. ఎక్కడో కరకర నములుతున్న చప్పుడు. చూస్తే చిలకముక్కు లాంటి మూతితో, చిలక రంగులతో ఒక చేప రాతిని కొరుకుతోంది. దాన్ని చిలకచేప అనే అంటారు. రాతి మీది పాచిని తింటూ రాతిని కూడా పిండి చేసి, ఇసకగా వదిలేస్తుంది. మేం పొద్దున్న ఓడ మీది నుంచి మురిసిపోయిన తెల్లటి ఇసకలో చాలా భాగం ఇలాంటి చేపల పొట్టలోంచి వచ్చిందే!

పగడమంటే మనకి ఉంగరంలో కుజుడికి పెట్టే ఎర్రరాయి, మంగళసూత్రంలో నల్లపూసల పక్కన గుచ్చే పగడం. ఆ ఎర్ర పగడం ముఖ్యంగా మధ్యధరా సముద్రానిది. పగడమంటే ఇండియావాళ్ళకి ఎంత మోజో రెండు వేల ఏళ్ళ క్రితమే రోమన్ రచయిత ప్లినీ రాశాడు, మాకు వాళ్ళ ముత్యాలెంతో వాళ్ళకి పగడాలంత అని. దిబ్బలు కట్టే పగడాలు దానికి దూరపు చుట్టాలు. ఒక్కో దిబ్బలో చిన్నచిన్న జీవులు లక్షల కొద్దీ ఉంటాయి. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. నాచు ఎండతో వంట చేసి పెడుతుంది, పగడం ఇల్లిస్తుంది. వేసవిలో ఉండే గరిష్ట వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ కాపురం చెడుతుంది. నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చచ్చిపోతుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. కోజుమెల్ తీరం వెంట నీటి ప్రవాహం ఉత్తరానికి సాగుతూ ఉంటుంది. మెల్లగానే ఉంది ఆ రోజు. కానీ చేపలు చూస్తూ తల ఎత్తేసరికి మా నిచ్చెన వెనక్కి పోయి ఉంది. గోదావరి అబ్బాయి అది చూసి, నిచ్చెన వైపు తిరిగి గబగబా కాళ్ళు కొట్టాడు. ప్రవాహానికి ఎదురు. రొప్పు వచ్చింది. ఒక చిన్న అల గొట్టంలోకి నీళ్ళు పోసింది. ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి. మాస్కు పీకేశాడు.

సినిమాల్లో మునిగేవాళ్ళు చేతులెత్తి "రక్షించండి" అని అరుస్తారు. నిజంగా అలా ఉండదు. వాడు అరవలేదు. ఊపిరికే చాలని నోటికి అరుపెక్కడిది! వెస్టు తలని పైన ఉంచింది, కళ్ళు మాత్రం పెద్దవై ఉన్నాయి. మేం నలుగురం పిలిచే లోపలే గైడు అక్కడికి చేరిపోయాడు. ఎదురుగా వెళ్ళలేదు, వెనకనుంచి వెళ్ళాడు. రబ్బరు చక్రం వాడి చేతుల్లోకి తోసి, "వెనక్కి వాలు, ఆకాశం చూడు" అన్నాడు. వాడు వాలాడు. దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. రెండు నిమిషాల్లో ఊపిరి కుదుటపడింది. నిచ్చెన వైపు పోరాడకుండా, ప్రవాహంతోపాటే సాగి, కిందనున్న ఇంకో మెట్ల దగ్గర అందరం ఒడ్డెక్కాం. ఆ రెండో మెట్లు గైడు ముందే చూసుకుని పెట్టుకున్నవి. వాడు ఎదురుకి కాళ్ళు కొట్టడం మానగానే ఆగి చూశానని తరవాత చెప్పాడు. కదలని మనిషి హాయిగానైనా ఉండాలి, ప్రమాదంలోనైనా ఉండాలి, ఏదో తెలుసుకోడానికి దగ్గరికెళ్ళి తీరాలిట.

ఒడ్డున కూర్చున్నాం. బండి మీద పచ్చి మామిడి ముక్కలమ్ముతున్నారు, ఉప్పూ కారం చల్లి, నిమ్మకాయ పిండి! ప్రపంచానికి మిరపకాయ ఇచ్చింది మెక్సికో ప్రాంతమే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు దాన్ని మన దేశానికి తెచ్చారు. మామిడి మన వైపు నుంచి సముద్రాలు దాటి అక్కడికి వెళ్ళింది. రెండూ ఆ కాగితప్పొట్లంలో కలిసి కూర్చున్నాయి. చింతపండు రసం కూడా ఉంది, చల్లగా, తియ్యగా. శాకాహారులకి ఒక హెచ్చరిక. బీన్సు ముద్దలో పందికొవ్వు వేసి ఉండొచ్చు, "మాంతేకా" ఉందా అని అడిగి తినాలి.

రెండు ముక్కలు తిన్నాక గోదావరి అబ్బాయి లేచి మాస్కు తీసుకున్నాడు. "మళ్ళీ దిగుతాను" అన్నాడు. "వద్దురా" అన్నాం అందరం. "ఇప్పుడు దిగకపోతే ఇంకెప్పుడూ దిగలేను. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పడానికి భయమొక్కటే మిగులుతుంది" అన్నాడు. గైడు వాడి పక్కన, వరంగల్ అబ్బాయి ఇంకో పక్కన. నడుము లోతు దాటకుండా పావుగంట. బయటికొచ్చి, "కరకర వినపడిందిరా, చిలకచేప!" అన్నాడు. అన్నమాట ప్రకారం ఓడ ఎక్కే ముందు అమ్మకి ఫోను చేశాడు. అక్కడ తెల్లవారుజాము. మొదటి రింగుకే ఎత్తారావిడ. జరిగింది జరిగినట్టు చెప్పాడు, నీళ్ళు మింగిన సంగతితో సహా. ఆవిడన్నది మాకు వినపడలేదు కానీ, ఆ వేసవిలో వాడు యూనివర్సిటీ కొలనులో ఈత క్లాసుల్లో చేరాడు. ఫీజు డబ్బు ఇండియా నుంచి ఆవిడే పంపారు.

అందుకే తల్లిదండ్రులకి నేను చెప్పుకునేది ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో మూడు లక్షలమంది నీళ్ళలో మునిగి చనిపోయారు. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకి మొదటి కారణం ఇదే. ఐక్యరాజ్యసమితి జులై 25ని దీనికోసం ప్రత్యేక దినంగా పెట్టింది. "నీళ్ళ దగ్గరకి వెళ్ళకు" అన్నది మన అమ్మల కాలంలో వాళ్ళకి తెలిసిన ఒకే ఒక్క రక్షణ. మనకి ఊరి కొలనులో ఈత నేర్పేవాళ్ళున్నారు. కూచిపూడి, కర్ణాటక సంగీతం, గణితం క్లాసుల మధ్య ఈతకి కూడా ఒక సాయంత్రం కేటాయించండి. పిల్లలకే కాదు, మీక్కూడా. ముప్ఫై దాటాక నేర్చుకున్నవాళ్ళు బోలెడుమంది.

రెండో మాట. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు హవాయికో, ఫ్లోరిడాకో తీసుకెళతాం. హవాయిలో నీళ్ళలో మునిగి చనిపోయే సందర్శకుల్లో ఎక్కువమంది స్నార్కెలింగ్ చేస్తూ పోయినవాళ్ళే. గుండె జబ్బు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్ళు ముందు డాక్టరునడగాలి. కొత్త మాస్కు ఏదైనా ముందు నడుము లోతులో పెట్టుకుని చూడాలి. ఏ మాత్రం రొప్పు వచ్చినా తల ఎత్తి, వెల్లకిలా తేలి, ఒడ్డుకి రావాలి. ఒంటరిగా ఎప్పుడూ దిగకూడదు.

మూడో మాట పగడాల తరఫున. 2005లో విల్మా తుఫాను ఆ ద్వీపం మీద గంటల తరబడి కదలకుండా కూర్చుని దిబ్బల్ని చితక్కొట్టింది. 2018లో మెక్సికో కరీబియన్ తీరానికి రాతి పగడాల కణజాలాన్ని తినేసే జబ్బు వచ్చింది. 2019 అక్టోబరులో కోజుమెల్‌లో కొన్ని దిబ్బల దగ్గరికి పర్యాటకులని రానివ్వకుండా కొంతకాలం మూసి ఊపిరి తీసుకోనిచ్చారు. ప్రపంచంలో నాలుగో విడత పగడాలు తెల్లబోతున్నాయని 2024 ఏప్రిల్లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కాబట్టి చేత్తో ముట్టుకోకండి, కాలు ఆనించకండి, ముక్క విరిచి జ్ఞాపికగా తేకండి. క్రీముల బదులు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. హవాయి 2021 నుంచి పగడాలకి హాని చేసే రెండు రసాయనాలున్న క్రీముల అమ్మకాన్నే ఆపేసింది.

మా గోదావరి మిత్రుడికి ఇప్పుడు నాలుగేళ్ళ కూతురు. శనివారాలు ఈత క్లాసుకెళుతుంది. కిందటి వేసవిలో వాళ్ళ నాయనమ్మగారు వచ్చినప్పుడు కొలను గట్టు మీద కుర్చీ వేసుకుని, క్లాసు అయిపోయేదాకా కన్నార్పకుండా కూర్చునేవారట. భయం పోలేదు, నిజమే. కానీ ఇప్పుడు గట్టు మీద కూర్చుంటున్నారు.

స్ప్రింగ్ బ్రేక్‌కి వెళ్ళే పిల్లలు క్షేమంగా వెళ్ళి, బోలెడు కబుర్లతో తిరిగి రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.